గీత గీసే రోజునే

నీటి ప్రాజెక్టుల వల్ల అడవికి జరిగే నష్టం అనగానే మనకు ముంపు గుర్తుకొస్తుంది. లోయ నిండుతుంది, ఊళ్ళు ఖాళీ అవుతాయి, చెట్లు నీటి కిందికి పోతాయి. శ్రీశైలం, సోమశిల, పోలవరం ఈ సంగతిని మనకు కళ్ళకు కట్టినట్టు చూపించాయి. అయితే ముంపు కంటికి కనిపించే నష్టం కాబట్టి దాని గురించి కనీసం చర్చ అయినా జరుగుతుంది. చర్చకు రాని నష్టం ఇంకొకటి ఉంది. అది నీరు రాకముందే, నిర్మాణం జరిగే రోజుల్లోనే మొదలవుతుంది. చాలాచోట్ల అప్పుడే పూర్తవుతుంది కూడా. కాలువ కోసం పొదలు నరికినప్పుడు, టిప్పర్లు తిరగడానికి దారి వేసినప్పుడు, తవ్విన మట్టిని పక్కన గుట్టలు పోసినప్పుడు, కట్టకు కావలసిన మట్టి కోసం మరోచోట గుంతలు తీసినప్పుడు ఆ నేలలో బతికే జీవులకు జరగాల్సిన నష్టమంతా జరిగిపోతుంది. నీళ్ళు వదిలే రోజు నాటికి కాపాడుకోవడానికి అక్కడ ఏమీ మిగలకపోవచ్చు. అందువల్ల నిర్మాణంలో వన్యప్రాణి రక్షణ అనేది పనులు అయ్యాక చెల్లించే పరిహారం కాకూడదు. కాలువ ఏ దారిన పోవాలో పటం మీద గీత గీసే రోజునే అది నిర్ణయం కావాలి. ఈ అధ్యాయంలోని వాదన ఇదే. దీనికి ఆధారం వెతకడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. కడప జిల్లాలో తెలుగుగంగ కాలువ, కలివికోడి అనే పక్షి ఒకదానికొకటి ఎదురుపడిన తీరును చూస్తే చాలు.

ముందు కాలువ కొండ పాదాన్నే ఎందుకు పట్టుకుని పోతుందో చూద్దాం. పంపులు లేకుండా వాలు మీద పారే కాలువ తనకంటే పల్లంలో ఉన్న భూమికే నీరు ఇవ్వగలదు. కాబట్టి ఎక్కువ ఆయకట్టు కావాలంటే ప్రధాన కాలువను వీలైనంత ఎత్తులో, దాదాపు సమాన ఎత్తు రేఖను అనుసరిస్తూ నడపాలి. కిలోమీటరు పొడవునా కొద్దిపాటి వాలు మాత్రమే ఇస్తూ తీసుకుపోతే, దిగువన ఉన్న పొలాలన్నీ దాని అందుబాటులోకి వస్తాయి. లోయలో ఆ ఎత్తు ఎక్కడ దొరుకుతుంది? పొలాలు ఆగిపోయి కొండ వాలు మొదలయ్యే అంచున. రాయలసీమలో సరిగ్గా ఆ అంచునే ముళ్ళపొదల అడవి ఉంటుంది. పైన కొండమీద పెద్ద చెట్లు, కింద సాగుభూమి, నడుమ రేగు, కలివి, తుమ్మ పొదలతో నిండిన గులకరాళ్ళ నేల. ఇంజనీరు లెక్కకు అనువైన మార్గమూ, పొదల అడవిలో బతికే జీవుల ఆవాసమూ ఒకే సన్నని పట్టీలో పడతాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అది నేల వాలు వల్ల వచ్చిన చిక్కు. అది ముందే తెలిసే చిక్కు కాబట్టి, ముందే ఆలోచించకపోవడానికి సాకు లేదు.

తెలుగుగంగ రెండు పనుల కోసం పుట్టిన ప్రాజెక్టు. కృష్ణా జలాల్లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకుని చెన్నై దాహం తీర్చడానికి 15 టీఎంసీలు ఇవ్వాలన్నది 1976 నాటి ఒప్పందం. ఆ నీరు వెళ్ళే దారిలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల్లో దాదాపు 5.75 లక్షల ఎకరాలకు సాగునీరు ఇవ్వాలన్నది తర్వాత చేరిన లక్ష్యం. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా వెలుగోడుకు, అక్కడినుంచి బ్రహ్మంసాగర్ వైపు, మరోదారిన పెన్నా మీది సోమశిలకు, ఆపైన కండలేరుకు నీరు నడుస్తుంది. ఈ దారిలో కడప జిల్లా లంకమల కొండల పాదం ఉంది. అక్కడే కలివికోడి ఉంది.

కలివికోడి దాదాపు 27 సెంటీమీటర్ల పొడవుండే పక్షి. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, పెద్ద కళ్ళు, పొడవాటి కాళ్ళు. ఎగరడం కంటే పరుగెత్తడానికే ఇష్టపడుతుంది, రాత్రిపూటే తిరుగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో థామస్ జెర్డన్ అనే వైద్యుడు సేకరించిన నమూనా ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. పెన్నా లోయలోనూ, గోదావరి లోయలో భద్రాచలం, సిరోంచ ప్రాంతాల్లోనూ దీన్ని చూసినట్టు పాత నమోదులున్నాయి. 1900 తర్వాత అది కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 86 ఏళ్ళ తర్వాత, 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు కడప జిల్లాలో అది మళ్ళీ దొరికింది. దాన్ని రాత్రివేళ పట్టి తెచ్చినవాడు ఆ అడవి తెలిసిన స్థానిక వేటగాడే. ఆ ఆవిష్కరణ ఫలితంగా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ప్రపంచంలో మరెక్కడా ఈ పక్షి ఉన్నట్టు ఇప్పటి కాలపు ఆధారం లేదు. అంటే ఒక జాతి మనుగడ మొత్తం ఒకే జిల్లా పరిసరాల్లోని కొండ పాదాల మీద ఆధారపడి ఉంది.

ఈ పక్షికి ఎలాంటి నేల కావాలన్నది పరిశోధకులు కొలిచి చూశారు. రెండు మీటర్లకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, చిన్న పొదలు వెయ్యిలోపు ఉన్న చోట్లనే అది ఎక్కువగా తిరుగుతుందని తేలింది. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. లెక్క వేస్తే పెద్ద పొదకూ పొదకూ మధ్య సుమారు నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడం ఉండాలన్నమాట. పొదలు మరీ దట్టమైతే పరుగెత్తడానికి నేల దొరకదు. మరీ పలచనైతే దాగడానికి చాటు దొరకదు. ఇక దాని ఉనికిని కనిపెట్టడం ఇంకా కష్టం. పగలు అది కంటపడదు. సూర్యుడు అస్తమించాక కొద్దిసేపే కూస్తుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారాక వాటి మీద పడిన మూడు వేళ్ళ అడుగుల గుర్తులు వెతికారు. దారులపై కెమెరాలు అమర్చారు, రికార్డు చేసిన కూత వినిపించి జవాబు కోసం చీకట్లో నిలబడ్డారు. ఈ వివరం మన వాదనకు చాలా ముఖ్యం. ప్రాజెక్టు నివేదిక కోసం పగటిపూట నాలుగు రోజులు తిరిగి, కనిపించిన పక్షుల జాబితా రాసుకునే సర్వేలో కలివికోడి పేరు ఎన్నటికీ ఎక్కదు. ‘అరుదైన జాతులు లేవు’ అని నివేదిక రాసినవారు అబద్ధమాడకపోవచ్చు. వెతికే పద్ధతే తప్పయినప్పుడు నిజాయితీగా రాసిన నివేదిక కూడా తప్పు చెబుతుంది.

2005లో జరిగింది ఇదీ. తెలుగుగంగ కాలువ పనులు అనుమతి లేకుండా అభయారణ్యంలోకి చొచ్చుకువచ్చాయి. కలివికోడిని అధ్యయనం చేస్తున్న పరిశోధకులే దాన్ని గమనించారు. జగన్నాథన్, అసద్ రహమానీ, రీస్ గ్రీన్ అదే ఏడాది ఇచ్చిన నివేదికలో, శ్రీలంకమల్లేశ్వర, శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యాల లోపలా చుట్టూ సాగుతున్న తవ్వకం ఆ పక్షి ప్రపంచ సంతతికే తక్షణ ముప్పు అని హెచ్చరించారు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో ఆవాసాన్ని నాశనం చేయడమే కాదు, అందులోకి వచ్చే, బయటికి పోయే నీటి దారి మళ్ళించడానికి కూడా అనుమతి కావాలి. అటవీశాఖ పని ఆపించింది. సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా విషయం వెళ్ళింది. చివరికి కాలువ మార్గం మార్చారు, పక్షి ఆవాసం కోసం అదనంగా భూమి సేకరించారు. ఇందులో రెండు పాఠాలున్నాయి. మార్గం మార్చడం సాధ్యమేనన్నది మొదటిది. నీరు కావలసిన చోటికి వేరే దారిన నడపగలిగారు. రెండోది చేదు పాఠం. ఆ మార్పు తవ్వకం మొదలయ్యాక వచ్చింది. ఈలోపు యంత్రాలు తొలగించిన పొదలు తొలగించినట్టే పోయాయి, తవ్వకానికి పెట్టిన ఖర్చు వృథా అయింది. గీత గీసేటప్పుడే ఆ పరిశోధకులను ఒక్కసారి అడిగి ఉంటే ఈ రెండు నష్టాలూ తప్పేవి.

కాలువ తవ్వకం నేలను ఏమి చేస్తుందో కొంచెం లోతుగా చూడాలి. పటం మీద కాలువ సన్నని గీతలా ఉంటుంది గనుక నష్టం కూడా సన్నగానే ఉంటుందనిపిస్తుంది. ఉదాహరణకు కాలువ, రెండు కట్టలు, పక్క దారి కలిపి 100 మీటర్ల వెడల్పు తీసుకున్నాయనుకుందాం. అప్పుడు కిలోమీటరుకు 10 హెక్టార్లు పోతాయి. యంత్రాల చప్పుడు, దుమ్ము, దీపాల వెలుతురు, మనుషుల రాకపోకల ప్రభావం అటూ ఇటూ 200 మీటర్ల దాకా పాకినా చెదిరే నేల 50 హెక్టార్లు అవుతుంది, అంటే ఐదు రెట్లు. ఇక కట్టలకు కావలసిన మట్టి కాలువలో దొరక్కపోతే పక్కనే గుంతలు తీస్తారు. కాలువలో ఎక్కువైన మట్టిని పక్కనే దిబ్బలు పోస్తారు. రెండింటికీ ‘ఖాళీగా ఉన్న’ పొదల నేలే సులువుగా దొరుకుతుంది. తవ్వి పోసిన కొత్త మట్టిలో స్థానిక పొదలకంటే ముందు సర్కారు తుమ్మ, వయ్యారిభామ మొలుస్తాయి. సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుంటే పొదల మధ్య ఉండాల్సిన ఆ నాలుగైదు మీటర్ల ఎడం పూడిపోతుంది. కాలువ కొండవాగులకు అడ్డంగా వెళుతుంది కాబట్టి వాగునీరు కాలువ కింది తూముల దగ్గరో పైనుంచి దాటించే కట్టడాల దగ్గరో ఒక్కచోటికి చేరి పారుతుంది. వాటి నడుమ ఉన్న దిగువ నేలకు వాన రోజుల్లో పరుచుకుని వచ్చే పల్చటి నీరు ఆగిపోతుంది. మరోచోట కాలువ గట్టు నుంచి ఊరే నీటితో ఎండునేల తడినేలవుతుంది. సిమెంటు లైనింగ్ చేసిన నున్నటి ఏటవాలు గోడల మధ్య నీరు తాగడానికి దిగిన జింకో, కుందేలో, తాబేలో పైకి ఎక్కలేక మునిగిపోతుంది. పనివాళ్ళ గుడారాలకు వంటచెరకు కావాలి, అది చుట్టుపక్కల పొదల నుంచే వస్తుంది. గుడారాల వెంట వచ్చిన కుక్కలు నేలమీద గుడ్లు పెట్టే పక్షుల పాలిట శాపమవుతాయి. నిర్మాణం ముగిశాక కూడా టిప్పర్ల కోసం వేసిన దారి మిగిలే ఉంటుంది. ఇంతకుముందు బండి వెళ్ళని చోటికి ఇప్పుడు ట్రాక్టరు వెళుతుంది.

ఇవి నేరుగా జరిగే నష్టాలు. పునరావాసం వల్ల జరిగేవి ఇంకా దూరం పోతాయి. సోమశిల జలాశయం వల్ల నిర్వాసితులైన 57 గ్రామాల ప్రజలు మిగిలిన పొదల అడవుల దగ్గరే స్థిరపడ్డారు. పశువుల మేత, వంటచెరకు కోసం ఆ అడవి మీద ఒత్తిడి బాగా పెరిగింది. తప్పు ఆ ప్రజలది కాదు. ఊరు కోల్పోయినవారికి ఎక్కడ భూమి చూపాలో నిర్ణయించింది వాళ్ళు కాదు. ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూసిన ఒక అధ్యయనం ప్రకారం 1991, 2000 సంవత్సరాల మధ్య కలివికోడి పరిసరాల్లో పొదల అడవి పదోవంతుకు పైగా తగ్గింది, సాగుభూమి రెట్టింపయింది. అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. గొర్రెలకాపరులనూ కట్టెలు ఏరుకునేవారినీ పూర్తిగా బయటికి పంపి కంచె వేయడం పరిష్కారం కాదు. కొద్దిపాటి మేత, కొద్దిపాటి నరుకుడు ఉన్నచోటే పొదలు మరీ దట్టం కాకుండా పక్షికి అనువుగా ఉంటాయి. అంటే ఈ ఆవాసం మనిషి లేని అడవి కాదు, మనిషి మితంగా వాడుకుంటూ వచ్చిన అడవి. నిర్మాణం ఆ మితాన్ని చెడగొడుతుంది. కాబట్టి ఒక ప్రాజెక్టు ప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు కాలువ గట్ల దగ్గరే కొలత ఆపకూడదు. పునరావాస కాలనీ ఎక్కడ, క్వారీ ఎక్కడ, మట్టి గుంత ఎక్కడ, వీటన్నిటినీ ఒకే పటం మీద పెట్టి చూడాలి.

పర్యావరణ శాస్త్రంలో ఈ విషయానికి ఒక వరస ఉంది. మొదట తప్పించుకోవాలి, తప్పనిచోట తగ్గించాలి, తగ్గించాక మిగిలిన గాయాన్ని అక్కడికక్కడే మాన్పాలి, అదీ కుదరని మిగులుకే మరోచోట పరిహారం చేయాలి. మన దగ్గర ఈ వరస తరచూ తలకిందులవుతుంది. పరిహారపు సొమ్ము లెక్కతో చర్చ మొదలై, తప్పించుకునే అవకాశం ఉండిందా అన్న ప్రశ్న చివర్లో కోర్టులో వస్తుంది. 2004లో మొదలైన జలయజ్ఞం అనే సాగునీటి కార్యక్రమంలో సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ కలిపి ఒకే గుత్తేదారుకు అప్పగించే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో మార్గాన్ని లోతుగా పరిశీలించేలోపే పని చేతికి వస్తుంది, గడువు నడుస్తుంటుంది. అవసరమైన అనుమతులు రాకముందే పనులు అప్పగించారని కాగ్ 2012 నాటి జలయజ్ఞం నివేదికలో తప్పుపట్టింది. తెలంగాణలో కాళేశ్వరం ప్రాజెక్టు శంకుస్థాపన 2016 మేలో జరిగితే పర్యావరణ అనుమతి 2017 డిసెంబరులో వచ్చింది. ముందే గణనీయంగా పనులు చేసి తర్వాత తీసుకున్న ఆ అనుమతి చట్టానికి విరుద్ధమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 అక్టోబరులో తేల్చింది. పార్టీలు మారినా, రాష్ట్రాలు రెండయినా వరస మాత్రం మారలేదు. కాబట్టి దీన్ని ఒక ప్రభుత్వపు తప్పుగా చూస్తే సరిపోదు, పని నడిపించే పద్ధతిలోనే లోపముంది.

ఆ లోపాన్ని సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు. టెండరు పిలవకముందే, ఏడాదిలోని అన్ని కాలాలనూ చూసిన జీవజాతుల సర్వే చేతిలో ఉండాలి. అక్కడ ఏ జీవులు ఉండే అవకాశం ఉందో దానికి తగిన పద్ధతిలో, రాత్రి జీవులకు రాత్రిపూట ఆ సర్వే జరగాలి. కనీసం రెండు మూడు మార్గాలను ఖర్చు, ఆయకట్టు, ఆవాసం మూడింటి దృష్టితో పోల్చి చూపాలి. మట్టి గుంతలు, దిబ్బలు, క్వారీలు, గుడారాలు ఎక్కడ ఉండకూడదో ఒప్పందపు పటంలోనే గుర్తించాలి. పైపొర మట్టిలో స్థానిక మొక్కల విత్తనాలుంటాయి. దాన్ని విడిగా తీసి పెట్టి, పని అయ్యాక దిబ్బల మీద మళ్ళీ పరచాలి. గుడారాల్లో వంటగ్యాసు ఇవ్వాలి. గుడ్లు పెట్టే కాలంలో సున్నితమైన భాగాల్లో పని ఆపాలి. పేలుళ్ళు, రాత్రి దీపాలు ఉండకూడదు. నదిలో పని చేసేటప్పుడు బురద నీరు దిగువకు పోకుండా ముందు నిలవగుంటల్లో పేరుకోనివ్వాలి. లేకపోతే ఆ ఒండ్రు చేపల మొప్పల్లో, గుడ్లు పెట్టే గులకరాళ్ళ సందుల్లో నిండుతుంది. లైనింగ్ కాలువల్లో అక్కడక్కడ గరుకు మెట్లు, ర్యాంపులు కట్టాలి. ఎలాగూ కట్టాల్సిన వాగు తూములనే కొంచెం వెడల్పుగా, పొడినేల అంచుతో కడితే జంతువులకు దారి అవుతుంది. జంతువులు ఎక్కువగా దాటే చోట కాలువను కొంతదూరం పైకప్పు వేసి మూసి, మీద మట్టి పరచవచ్చు. పని అయ్యాక తాత్కాలిక దారులను దున్ని మూసేయాలి. ఇవన్నీ టెండరు పరిమాణాల పట్టికలో విడివిడి పనులుగా, విడివిడి రేట్లతో ఉండాలి. ‘పర్యావరణాన్ని కాపాడవలెను’ అని ఒక్క వాక్యం రాస్తే దానికి బిల్లు ఉండదు. బిల్లు లేని పని స్థలం మీద జరగదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం చాలా బరువైనది. అనంతపురం లాంటి జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. తాగునీటికి, పంటకు కటకటపడే సీమలో ఒక పక్షి కోసం కాలువ ఆపుతారా అని అడిగేవారి ఆవేదన నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఏ ప్రకృతి ప్రేమికుడికీ లేదు. కానీ ప్రశ్నను అలా పెట్టడంలోనే పొరపాటుంది. కాలువ కావాలా పక్షి కావాలా అన్నది ఇక్కడ ఎదురైన ఎంపిక కాదు. కాలువ ఈ దారినా ఆ దారినా అన్నదే ఎదురైన ఎంపిక. తెలుగుగంగ విషయంలో రెండో ప్రశ్నకు జవాబు దొరికింది. పైగా పొదల అడవి రైతుకు పరాయిది కాదు. కొండ పాదంలో వాననీటిని నిలిపి నేలలోకి ఇంకించేది, దిగువ చెరువుల్లోకి ఒండ్రు కొట్టుకుపోకుండా ఆపేది, గొర్రెలకు మేతనిచ్చేది అదే. కాలువ నీరు రాని ఏడాదిలో ఊరి బావులకు దిక్కు ఆ ఇంకుడే.

రెండో అభ్యంతరం ఖర్చు, ఆలస్యం. సర్వేలకు ఏడాది పోతే ప్రాజెక్టు వ్యయం పెరుగుతుందంటారు. నిజమే, ఆలస్యానికి వెల ఉంది. కానీ ఆలస్యం ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. తవ్విన కాలువను వదిలి వేరే మార్గంలో తవ్వాల్సి రావడం, మొదలైన పని కోర్టు ఉత్తర్వుతో ఆగిపోవడం, అనుమతి తర్వాత తెచ్చుకుని న్యాయస్థానంలో సమర్థించుకోవడం ఇవన్నీ పరిశీలన చేయడం వల్ల వచ్చినవి కావు, చేయకపోవడం వల్ల వచ్చినవి. దశాబ్దాల పాటు సాగే ప్రాజెక్టులో మొదటి ఏడాది పరిశీలనకు వెచ్చించడం పెద్ద భారం కాదు. గీత కాగితం మీద ఉన్నప్పుడు దాన్ని జరపడానికి కొన్ని రోజులు చాలు. అది నేలమీద కాలువగా మారాక జరపాలంటే కోట్లు కావాలి.

మూడో వాదం పరిహార వనాలది. ఇక్కడ పోయిన అడవికి బదులు మరోచోట మొక్కలు నాటుతాం కదా అంటారు. పొదల అడవి విషయంలో ఈ మాట అసలు నిలబడదు. ప్రభుత్వ లెక్కల్లో ఇలాంటి నేలలు ‘బంజరు’ జాబితాలో చేరుతుంటాయి. ఆ పేరు చాలు, దాన్ని బాగుచేయాలనే ఆలోచన పుట్టడానికి. అక్కడ గుంతలు తీసి వరసగా చెట్లు నాటితే చూడటానికి పచ్చగా ఉంటుంది. కానీ ఆరుబయలు నేల కావలసిన కలివికోడికీ, చితక పిట్టలకూ, నక్షత్ర తాబేలుకూ ఆ నీడ పనికిరాదు. ఒకచోట ఆవాసాన్ని కాలువతో పోగొట్టి, దానికి పరిహారంగా మరోచోట అదే రకం ఆవాసాన్ని మొక్కలతో పోగొట్టడం రెండింతల నష్టం. పరిహారం తప్పనిసరైతే అది అదే రకం నేలను కొని, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టే రూపంలో ఉండాలి.

నాలుగో అభ్యంతరానికి జవాబు చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. తప్పించుకునే మార్గం ఎప్పుడూ క్షేమకరం కాదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అడుగున దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తలపెట్టారు. పైన అడవి కాబట్టి మధ్యలో దారులు తీసే వీలు లేకపోయింది. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. అడవి నియమాలే ఈ ప్రమాదానికి కారణమని కొందరు అన్నారు. అడవిని కాపాడే భారం కార్మికుల ప్రాణాల మీద పడకూడదన్న మాటలో రెండో ఆలోచనకు తావే లేదు. కానీ దీన్నుంచి నేర్చుకోవలసింది అడవిని వదిలేయమని కాదు. భూగర్భ పరిస్థితులు, కార్మిక భద్రత, వన్యప్రాణులు, ఖర్చు అన్నీ కలిపి తూచాల్సిన నిర్ణయాన్ని విడివిడి శాఖలు విడివిడిగా చేస్తే ప్రమాదం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మొదటి రోజే అన్ని లెక్కలూ ఒకే బల్ల మీదికి వస్తే, ఈ సొరంగం ఇలా సురక్షితం కాదనీ, నీటిని మరో పద్ధతిలో ఇవ్వడం మేలనీ తేలే అవకాశం ఉంటుంది. ఈ సందర్భం కూడా గీత గీసే రోజు ప్రాముఖ్యాన్నే చెబుతోంది.

చివరగా, ఆ పక్షి ఇప్పుడు ఉందో లేదో తెలియనప్పుడు ఇంత ఎందుకని అడుగుతారు. 2000ల దశకం ముగిశాక చాలా ఏళ్ళపాటు కలివికోడి జాడ నిర్ధారణ కాలేదన్నది నిజం. 2025లో పరిశీలకులు దాని కూత రికార్డు చేసినట్టు వార్తలు వచ్చాయి. రాత్రి మాత్రమే తిరిగే, కొద్దిసేపు మాత్రమే కూసే పక్షి కనిపించకపోవడం, లేకపోవడం ఒకటి కావు. 86 ఏళ్ళు కనిపించకుండా ఉండి మళ్ళీ దొరికిన జాతి విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. లేదని తొందరపడి తీర్పు చెప్పి ఆవాసాన్ని తుడిచిపెడితే, ఆ తీర్పు తప్పని తేలినా దిద్దుకోలేం. ఉందని నమ్మి కాపాడితే, ఒకవేళ ఆ పక్షి లేకపోయినా, ఎలుగుబంట్లూ చిరుతలూ తాబేళ్ళూ ఉన్న కొండ పాదాలు మిగులుతాయి.

ఈ వాదనకు ఒక పరిమితి ఉంది, దాన్నీ చెప్పుకోవాలి. గీతను సరిగ్గా గీసినంత మాత్రాన అన్నీ సరికావు. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో బట్టమేక పక్షి కోసం 1988లో సుమారు 6 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. కానీ చుట్టూ సాగునీరు వచ్చి, బట్టమేకలు మేతకూ గూటికీ వాడుకునే మెట్టపొలాల తీరే మారిపోయింది. ఇప్పుడు రోళ్ళపాడులో బట్టమేక దాదాపు కనిపించదు. కాలువ మార్గం ఎంత ముఖ్యమో, ఆ కాలువ ఏ భూమిని ఆయకట్టుగా మారుస్తుందన్నదీ అంతే ముఖ్యమని రోళ్ళపాడు చెబుతుంది. కాబట్టి పటం మీద గీయాల్సింది కాలువ గీత ఒక్కటే కాదు. నీరు ఎక్కడివరకు పారాలి, ఎక్కడ మెట్టగానే ఉండాలి అన్న ఆయకట్టు సరిహద్దు కూడా అదే రోజు, అదే బల్ల మీద గీయాలి. మెట్టగా ఉండిపోయే రైతుకు నష్టం రాకుండా చూసే బాధ్యత ప్రాజెక్టు వ్యయంలో భాగం కావాలి. పక్షిని నిలబెట్టే ఖర్చు సమాజమంతటిదీ అయినప్పుడు, దాన్ని ఆ చేను యజమాని ఒక్కడి మీద వేయడం న్యాయం కాదు.

ఇక ముందు కట్టబోయే ప్రతి కాలువకు, ప్రతి ఎత్తిపోతలకు పౌరులుగా మనం అడగాల్సిన ప్రశ్నలు నిజానికి చాలా సులువైనవి. ఎన్ని మార్గాలు పోల్చి చూశారు? జీవజాతుల సర్వే ఏ కాలంలో, పగలా రాత్రా, ఏ పద్ధతిలో జరిగింది? మట్టి గుంతలు, దిబ్బలు, కాలనీలు ఎక్కడ వస్తాయి? రక్షణ పనులకు టెండరులో ఎంత సొమ్ము, ఏ పద్దు కింద ఉంది? ఈ జవాబులు గ్రామసభల్లో, తెలుగులో, టెండరు పిలవకముందే జనం ముందుకు రావాలి. శంకుస్థాపన తర్వాత ఈ ప్రశ్నలు అడిగితే అవి అడ్డంకులవుతాయి. ముందే అడిగితే అవి ప్రణాళికలో భాగమవుతాయి. రైతుకు నీరూ, అడవికి బతుకూ రెండూ మిగిలే అవకాశం ముందు అడిగినప్పుడే ఉంది.